జానెడు నేత

హంతకుల్ని పట్టుకోవడానికని ఎవరూ ఆ యంత్రాన్ని కనిపెట్టలేదు. మరమగ్గం మీద తీసిన బట్టని చేనేత అని చెప్పి జనం నెత్తిన రుద్దే వ్యాపారుల ఆట కట్టించడానికని మొదలుపెట్టారు. గుంటూరు శివార్లలో పాత పొగాకు గోడౌన్‌ని బాగుచేసి పెట్టిన ఓ చిన్న ప్రయోగశాలలో, డాక్టర్ హరగోపాల్ అనే బక్కపల్చటి మనిషి దాని మీద పడి పెళ్లాం పిల్లల్ని కూడా మర్చిపోయాడు. గాజు బల్ల మీద బట్ట పరిస్తే కిందనుంచి సన్నటి వెలుగు గీత పాకుతుంది. అడ్డంగా నేసిన ప్రతి పోగుకీ, దాని పక్క పోగుకీ మధ్య ఎడం ఎంతో, ఏ పోగు మీద ఎంత దెబ్బ పడిందో కొలుస్తుంది. మరమగ్గానికి అన్ని దెబ్బలూ ఒకటే. మనిషి చేతికి ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు.

అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. ఈ మహానుభావుడు ఆగితేనా! ఎడాలు కొలవగా కొలవగా అది ఎవరి చెయ్యో కూడా పోల్చి చెప్పడం మొదలుపెట్టింది యంత్రం. కాలికింది చెక్కని ఎంత బరువుతో తొక్కారో చెప్పింది. నేసేటప్పుడు ఆ మనిషి గుండె నెమ్మదిగా కొట్టుకుందో, దడదడలాడిందో చెప్పింది. ఏం ఆలోచించారో మాత్రం చెప్పలేదు, అదొక్కటీ మన అదృష్టం. దానికి 'నేతనాడి' అని పేరు పెట్టుకుని మురిసిపోయాడు హరగోపాల్.

యంత్రానికి చేతులు నేర్పాలి కదా, కనబడిన నేతగాడినల్లా బతిమాలి ఒక్కో జానెడు నేయించుకునేవాడు. అలా నేసిన వాళ్లలో డీఎస్పీ బీరక భ్రమరాంబ కూడా ఉంది. పోలీసు శాఖలో పాత కేసుల విభాగానికి ఆవిడ పెద్ద. పుట్టింది చీరాల పక్కన నేతపేటలో, గుంట మగ్గం ఉన్న ఇంట్లో. ఏదో పని మీద ప్రయోగశాలకి వచ్చి, అక్కడ మగ్గం చూసి సరదాపడి, చీర కుచ్చిళ్లు ఎగదోపి గుంటలో దిగింది. జానెడు నేసి లేచింది. యంత్రం చదివిన గీతలు చూసి హరగోపాల్ నవ్వాడు.

"మేడం, పొద్దున్నే ఎవరినో గట్టిగా తిట్టి వచ్చినట్టున్నారు. మొదట్లో దెబ్బలు చూడండి, మగ్గం విరిగిపోయేట్టున్నాయి."

దారిలో డ్రైవర్ని చెడామడా దులిపేసిన మాట నిజమే. భ్రమరాంబ పగలబడి నవ్వింది. ఆ నెలలోనే ఓ చనిపోయిన మనిషి చేతిలో దొరికిన చెంగు ముక్కని తెచ్చి ఆ గాజు బల్ల మీద పరిచింది. పదేళ్లుగా తేలని హత్య తేలిపోయింది. పేపర్లో ఫోటో పడింది. ఆ ఫోటో చూసే జాన్‌బీ వచ్చింది.

ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఏడో తరగతి దాకా చదువుకున్నవాళ్లు. జాన్‌బీ చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. తండ్రి చేసిన అద్దకం పనే చేస్తోంది.

"మేడం గారూ అనాలో, ఒసే భ్రమరా అనాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోయా" అంది.

"ఒసే అనే అను. రా, కూర్చో."

"మా నాయన సంగతి నీకు చెప్పేదేముంది. కోర్టులో పిటిషను వేశా. ఆ కేసులో సాక్ష్యాలన్నీ మళ్లీ చూడమన్నారు. నువ్వే చూడాలే. నువ్వయితే న్యాయం చేస్తావ్."

భ్రమరాంబ బల్ల మీద కాగితాలు సర్దుతూ కూర్చుంది. ఈ కేసు నేను చూడకూడదు, మా నాన్న పేరు ఇందులో ఉంది, అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకీ నోరు రాలేదు. "సరే చూస్తాలే" అంది.

ఆ కేసు పేటలో అందరికీ కంఠతా వచ్చు. ఇరవై మూడేళ్ల కిందట ఓ సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, షావుకారు పెరుమాళ్లుని ఆయన గోడౌన్లోనే ఎవరో తల పగలగొట్టి చంపారు. బొటనవేలు మందం ఉన్న ఇనుప కడ్డీతో కొట్టారన్నారు డాక్టర్లు. కడ్డీ దొరకలేదు. జాన్‌బీ తండ్రి అద్దకం కాశింవలి రంగు వేసిన నూలు ఇవ్వడానికి వెళ్లి, షావుకారు పడి ఉండడం చూసి లేవనెత్తబోయి, ఆ నెత్తురు చూసి హడలిపోయి పరిగెత్తాడు. గోడల మీద, తలుపు మీద, శవం చొక్కా మీద అతని నీలం రంగు వేలిముద్రలే. ఇంకేం కావాలి? యావజ్జీవం వేశారు. మధ్యలో భార్య చావుబతుకుల్లో ఉందని పెరోలు మీద వచ్చి తిరిగి వెళ్లకుండా దాక్కున్నాడు. ఆ తప్పుకి విడుదలయ్యే వాళ్ల జాబితాలోంచి అతని పేరు కొట్టేశారు. ఇంకా జైల్లోనే ఉన్నాడు.

షావుకారుతో గొడవ ఉన్నది నిజానికి చౌడయ్యకి. భ్రమరాంబ తండ్రి. పోలీసులు ముందు ఆయన్నే అడిగారు. అయితే ఆ సాయంత్రమంతా చౌడయ్య మగ్గం ఆడుతూనే ఉందని ఇటు ఇంటి వాళ్లూ అటు ఇంటి వాళ్లూ ప్రమాణం చేసి చెప్పారు. నేతపేటలో గోడకి గోడ ఆనుకుని ఉంటుంది, పక్కింట్లో మగ్గం ఆగితే అన్నం తింటున్నవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. పైగా ఏ రోజు నేత ఆ రోజు తెలిసేట్టు పొద్దున్నే అంచుకి ఎర్రదారం ముడి వెయ్యడం ఆయన అలవాటు. ముడి దగ్గర్నుంచి కొలిచి చూస్తే రోజంతా కూర్చుని నేసిన నేతే ఉంది. సగం నేసిన ఆ చీరని మగ్గం మీద నుంచి కోసి పట్టుకెళ్లి సాక్ష్యంగా పెట్టారు. ఎస్సై పన్నెండేళ్ల భ్రమరాంబని కూడా అడిగాడు, మీ నాన్న ఎక్కడున్నాడు పాపా అని. "మగ్గం మీదే ఉన్నాడు" అని చెప్పింది.

తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఒకటే అనుకునేది. చిన్నపిల్లని, నాకేం తెలుసు, భయపడిపోయాను, ఏడ్చుకుంటూ నేశాను. అలా అనుకునే చదువుకుంది, అలా అనుకునే పోలీసు ఉద్యోగంలో చేరింది.

కోర్టు నుంచి తెప్పించిన సాక్ష్యం మూట విప్పితే నీలం చీర, మామిడిపిందెల అంచు. ఇన్నేళ్లయినా రంగు చెక్కుచెదరలేదు. హరగోపాల్ గాజు బల్ల మీద పరిచి యంత్రం నడిపించాడు. వెలుగు గీత ఎర్రదారం ముడి దగ్గర మొదలై నెమ్మదిగా పాకింది. భ్రమరాంబ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఇక్కడిదాకా ఒకటే చెయ్యి. మంచి పనివాడు" అన్నాడు హరగోపాల్. "ఇదిగో, ఇక్కడ మారింది. జానెడు మేర ఇంకెవరో నేశారు. మళ్లీ మొదటివాడే. మధ్యలో మనిషి... బరువు చూడండి, ముప్పై కిలోలు కూడా లేరు. చిన్నపిల్లలెవరో."

ఆ మాటంటూనే మీట నొక్కాడు, తన దగ్గరున్న చేతులన్నిటితోనూ పోల్చి చూడమని. అది అతనికి అలవాటు, ప్రతిదానికీ అలాగే నొక్కుతాడు. తెర మీద పేరు పడింది. ఇద్దరూ చదివారు. హరగోపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"యంత్రం ఏదో తిక్కగా చెబుతోంది మేడం."

"తిక్కగా చెప్పలేదు. అది మా ఇంటి మగ్గమే."

హరగోపాల్ మంచివాడు పాపం, ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే చూడలేడు. "కోర్టుకి 'తెలియని చెయ్యి' అని రాసేస్తాను. మీరు ఊ అంటే చాలు. ఇంకొకటి నాకు అంతుపట్టడం లేదు. ఈ జానెడులో ముందుకి పోయేకొద్దీ దెబ్బ పల్చబడిపోయింది. చివరికి వచ్చేసరికి నేత వదులైపోయింది. ఎందుకంటారు?"

ఎందుకో భ్రమరాంబకి తెలుసు. మగ్గం గుంటలో కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు.

"చిన్నపిల్ల కదా, చేతులు నొప్పెట్టి ఉంటాయి" అంది.

చౌడయ్య ఆమె దగ్గరే, పోలీసు క్వార్టర్స్‌లో ఉంటాడు. భ్రమరాంబ పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక వంట ఆయనదే. కూతురు డ్యూటీ నుంచి వచ్చేసరికి వేడివేడిగా వండి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటాడు. ఆమె వచ్చేసరికి వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు.

"ఆ చీర తీశాం నాన్నా" అంది.

ఏ చీర అని ఆయన అడగలేదు. "రంగు దిగిందా?" అన్నాడు.

"దిగలేదు. కాశింవలి అద్దకం కదా."

ఆయన ఇంకో కాయ తీసుకున్నాడు.

"అందులో జానెడు నాదని చెప్పింది యంత్రం."

అప్పుడు ఆగాయి చేతులు. కూర గురించి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. "మీ అమ్మదని చెప్పు. నేను అన్నం తింటుంటే అది కాసేపు కూర్చుందని చెప్పు. పోయినదాన్ని ఎవరొచ్చి అడుగుతారు?"

"అమ్మ ఆ పూట ఊళ్లో లేదు. పిన్ని వాళ్లింట్లో ఉంది."

"ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి గుర్తుందే?"

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగని మాట అప్పుడడిగింది. "ఎందుకు చంపావు నాన్నా?"

"ఆ అంచు నాది. రెండు నెలలు నిద్ర మానుకుని కూర్చుకున్నా. వాడు తీసుకెళ్లి మరమగ్గాల వాళ్లకి ఇచ్చేశాడు. ఊరూరా అదే అంచు, గుడ్డపేలికల మీద. ఇదేం పని షావుకారూ అంటే నవ్వాడు. అంచేమన్నా నీ కూతురా, ఒకడికే ఇచ్చి కట్టబెట్టడానికి అన్నాడు." ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు వణికింది. కూతురు చంపావన్నప్పుడు మాత్రం తొణకలేదు.

"మరి కాశింవలి?"

"వాణ్ణి నేను ఇరికించానా? వాడే పోయి వేళ్లు పెట్టాడు. వాడి రాత."

భ్రమరాంబ ఆయన చేతులవంక చూసింది. ఈ మనిషే తనకి జ్వరమొస్తే మూడు రాత్రులు నుదుటి మీద తడిగుడ్డ మార్చాడు. ఈ మనిషే తన మొదటి యూనిఫాం చూసి వీధి వీధంతా బెల్లం పంచాడు.

"ఒక్కటి చెప్పు. తిరిగొచ్చాక ఆ జానెడూ విప్పేసి నువ్వే నేసుకుని ఉంటే ఏ యంత్రమూ కనిపెట్టేది కాదు. నీకంటే తెలిసినవాళ్లెవరు? ఎందుకు విప్పలేదు?"

"విప్పుదామనే కూర్చున్నా." చౌడయ్య మొహం మెత్తబడింది. "చూశా. పన్నెండేళ్ల పిల్ల నేత. ఒక్క పోగు తప్పలేదు. అంచు కూడా కలిసింది. చివర్లో కాస్త వదులైందంతే, నా నేత పక్కన పెడితే ఎవడికీ తేడా తెలీదు. విప్పడానికి చేతులు రాలేదే అమ్మడూ."

ఒక్క క్షణం ఆమె ఛాతీ పొంగింది. నిజంగా పొంగింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యమేసి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాల తలుపు కొట్టింది. హరగోపాల్ రిపోర్టు రాసి సంతకం పెట్టబోతున్నాడు.

"ఆపండి. నిన్న మీరడిగినదానికి అబద్ధం చెప్పాను. నేసిన బట్టని ఒక దూలానికి చుట్టుకుంటూ పోవాలి. ఆ దూలాన్ని తిప్పడానికీ, తిరక్కుండా ఆపడానికీ ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. నాలుగు వేళ్లు నెయ్యగానే కడ్డీతో ఓ చుట్టు చుడతాం. చుట్టకపోతే నేసిన బట్ట మీదకి వచ్చేస్తుంది. దెబ్బ వెయ్యడానికి చోటుండదు, నేత వదులైపోతుంది. ఆ జానెడులో ఒక్కసారి కూడా చుట్టలేదు."

"ఎందుకు చుట్టలేదు?"

"కడ్డీ అక్కడ లేదు. మా నాన్న తీసుకెళ్లాడు. దూలం తిరక్కుండా తాడుతో స్తంభానికి కట్టేసి, నేను వచ్చేదాకా మగ్గం ఆపకమ్మా అని చెప్పి వెళ్లాడు. బొటనవేలు మందం ఉంటుంది ఆ కడ్డీ. పంచె మడతలో పెట్టుకోవడం చూశాను."

హరగోపాల్ చేతిలో కలం పక్కన పెట్టేశాడు. "మీ ఉద్యోగం పోతుంది మేడం. కేసు కూడా పెడతారేమో. అయినా మీరప్పుడు చిన్నపిల్ల. ఎంత భయపడి ఉంటారో! ఆ నాడి కూడా తీసి రిపోర్టులో పెడతాను. మీకు పనికొస్తుంది."

ఆమె వద్దనలేదు. తీస్తే తెలుస్తుంది కదా, ఎంత ఏడ్చానో. నిజం చెప్పాలంటే అది చూడాలని ఆమెకీ ఆశగానే ఉంది.

వెలుగు గీత ఆ జానెడు మీద మూడుసార్లు పాకింది. మూడోసారి అయ్యాక హరగోపాల్ తెరని కొంచెం అవతలికి తిప్పబోయాడు.

"చెప్పండి."

"ఇది పెట్టకపోవడమే మంచిదేమో."

"చెప్పండి డాక్టర్ గారూ."

"భయం లేదు. భయపడ్డ చెయ్యి ఇలా ఉండదు. ఒక దెబ్బ గట్టిగా పడి ఒకటి జారిపోతుంది. ఇది... చీర ఆఖరి మూర నేస్తున్నవాళ్ల నేత ఇలా ఉంటుంది. అయిపోవస్తోందన్న హుషారులో గుండె కొంచెం జోరుగా, చెయ్యి మాత్రం కుదురుగా." అతను తల దించుకున్నాడు. "సంతోషంగా నేశారు మేడం."

భ్రమరాంబకి అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్లూ గుర్తు రానిదంతా. నన్నూ ఒక్కసారి నెయ్యనీ నాన్నా అని ఏడాది నుంచీ పోరుతోంది. ఆడపిల్లవి, దారాలు చుట్టు చాలు అనేవాడు. ఆ సాయంత్రం తనే పిలిచి గుంటలో కూర్చోబెట్టాడు. కాళ్లు అందకపోతే చెక్క కింద ఇటుక పెట్టాడు. కడ్డీ, తాడే కాదు, ఆయన మొహం కూడా చూసింది. ఏదో చెడ్డ పనికే వెళుతున్నాడని తెలుసు. షావుకారు పేరు పళ్లు కొరుకుతూ అనడం విన్నది కూడా. మగ్గం తనకి దొరికింది కదా! ఇంకేదీ పట్టలేదు. ఇంకాసేపు రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. ఎస్సై వచ్చినప్పుడు అబద్ధమాడింది కూడా అందుకే. నాన్న మళ్లీ నెయ్యనిస్తాడని.

ఏడుపంతా తర్వాత ఎప్పుడో అల్లుకున్నది.

ఆ తర్వాత జరగవలసినవి జరిగాయి. భ్రమరాంబ వాంగ్మూలం ఇచ్చింది. చౌడయ్యని తీసుకెళ్లడానికి వచ్చిన కానిస్టేబుళ్లు తల ఎత్తలేకపోయారు, రోజూ ఆయన చేతి టీ తాగినవాళ్లు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోందనీ, దించుకోమనీ కూతురికి చెప్పి ఆయన జీపెక్కాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి. ఆమెని సస్పెండ్ చేశారు. కోర్టు ఆమెని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగింది. ఎలా నేశావని అడగలేదు. హరగోపాల్ కూడా ఆ సంగతి ఎక్కడా రాయలేదు. కాశింవలిని నిర్దోషి అని విడిచిపెట్టారు.

నెల తర్వాత జాన్‌బీ కబురు పంపింది, ఒకసారి రమ్మని.

పేటలో మగ్గాలు సగం పడిపోయాయి. జాన్‌బీ ఇంటి ముందు నీలం నూలు చిలపలు తీగల మీద ఆరుతున్నాయి. భ్రమరాంబకి పీట వేసి టీ ఇచ్చింది. లోపల గదిలో మంచం మీద కాశింవలి కూర్చుని ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు. తలుపు బార్లా తీసే ఉంది. అయినా ఎవరైనా వచ్చి రమ్మంటే తప్ప గడప దాటడట.

"ఒంటికి వెళ్లాలన్నా నన్నడుగుతాడు" అంది జాన్‌బీ. "మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు అలవాటైపోయింది."

భ్రమరాంబ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"నిన్ను తిట్టడానికి పిలవలేదే. తిట్టాలనే ఉండేది మొదట్లో. పేపర్లో చదివిన రోజు నీ పేరెత్తి దుమ్మెత్తి పోశా. తర్వాత ఆలోచించా. నువ్వు చెప్పకపోతే మా నాయన అక్కడే పోయేవాడు. నీ బాబుని నువ్వే పట్టించావ్. అది మాటలా?" జాన్‌బీ తన నీలం చేతులు ఒళ్లో పెట్టుకుంది. "పన్నెండేళ్ల పిల్లవి. కన్నతండ్రి కళ్లెర్రజేస్తే ఎవరు మాత్రం కాదంటారు? భయపడిపోయావ్. ఏడ్చుకుంటూ నేసి ఉంటావ్. అంతే కదా భ్రమరా?"

తలూపితే సరిపోయేది. నోరు కూడా తెరవక్కర్లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి అడుగుతున్నది కూడా అదే, ఒక్కసారి తలూపమని. భ్రమరాంబకి ఎంత ఆశ పుట్టిందంటే, మెడ సగం వంగింది కూడా.

"కాదు" అంది.

"ఏంటి కాదు?"

"భయపడలేదు. ఏడవలేదు. కడ్డీ తీసుకెళ్లడం చూశాను. చెడుకే వెళుతున్నాడని తెలుసు. మగ్గం మీద కూర్చోనిచ్చాడని సంతోషంగా నేశాను. ఆయన ఇంకాసేపు రాకపోతే బాగుండుననుకుంటూ నేశాను. చీర తీస్తే అందులో అదే ఉంది."

వీధిలో ఎవరిదో మగ్గం ఆగి, మళ్లీ మొదలైంది.

"ఇది కోర్టులో అడిగారా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్పావే?"

"నువ్వు అడిగావు కదా."

"అవునంటే నీ సొమ్మేం పోయేది?" జాన్‌బీ గొంతు పెద్దది కాలేదు. అలిసిపోయినట్టుంది, అంతే. "ఎవడి మీదో తెలీకుండానే ఇన్నేళ్లు కోపం మోశా. మోసి మోసి నడుం విరిగిపోయింది నాకు. నిన్ను క్షమించేసి ఇవాళైనా దాన్ని దించుకుందామనుకున్నా. నీ మనసు తేలిక చేసుకోవడానికి అదీ దక్కనివ్వలేదు నువ్వు."

లేచి, భ్రమరాంబ చేతిలోంచి సగం తాగిన టీ గ్లాసు తీసుకుంది.

"ఇంక వెళ్లు" అంది. గ్లాసు తొలిచి బోర్లించి, తీగ మీద నూలు తిరగేయడానికి వెళ్లిపోయింది.